మడత కత్తిని విప్పినంత మాత్రాన వారంటీ పోవాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. మీది లైనర్ లాకు ఉన్న మడత కత్తి, అంటే పిడి లోపలి లోహపు పలక (లైనర్) నుంచి వచ్చే ఒక పట్టీ, తెరిచిన బ్లేడు మొదలు వెనక చేరి అది మూసుకుపోకుండా ఆపుతుంది. ఇసుక నేల మీద వాడిన తరువాత లోపల రేణువులు చేరి, తెరిచినప్పుడల్లా గరగరలాడుతుంటే, సరైన సైజు టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్‌తో మరలు విప్పి, భాగాలన్నీ కడిగి, ఆరబెట్టి, బ్లేడు తిరిగే ఇరుసు, అంటే పివట్ దగ్గర చుక్క నూనె వేసి తిరిగి బిగించారు. ఆ తరువాత ఏడు నెలల పాటు కత్తి ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఇప్పుడు లాకు పట్టీ బ్లేడు మొదలును పూర్తిగా దాటి అవతలి లైనర్‌ను తాకేదాకా వెళుతోంది. తెరిచిన బ్లేడును వీపు వైపు నుంచి నొక్కితే కొద్దిగా కదులుతోంది. తయారీ సంస్థకు పంపితే, పివట్ మరకు తాము పూసిన జిగురు చెదిరి ఉన్నదనీ, అంటే కత్తిని విడదీశారనీ, అందువల్ల వారంటీ రద్దయిందనీ రెండు వాక్యాల ఉత్తరం పెట్టి తిప్పి పంపారు. ఇది న్యాయమేనా అని మీరు అడిగారు.

న్యాయం కాదని నా అభిప్రాయం. మడత కత్తుల మరమ్మతు పనిలో చాలా ఏళ్లు గడిపిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. విప్పడం వల్ల కత్తి చెడితే ఆ చెడుకు విప్పినవారే బాధ్యులు. అందులో నాకు సందేహం లేదు. విప్పడానికీ వచ్చిన లోపానికీ సంబంధం లేనప్పుడు మాత్రం, విప్పారన్న ఒక్క కారణంతో వారంటీని తీసివేయడం సంస్థ తాను ఇచ్చిన మాట నుంచి తప్పుకోవడమే అవుతుంది. మీ కత్తి విషయంలో ఆ సంబంధం ఉన్నదో లేదో చూడటం అంత కష్టమైన పని కూడా కాదు, దాన్ని కింద వివరిస్తాను.

ముందు సంస్థల వైపు ఉన్న వాదనను సరిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది ఊరికే పుట్టినది కాదు. మడత కత్తి చూడటానికి చిన్న వస్తువే గానీ, అందులోని కొలతలు చాలా బిగువైనవి. బ్లేడుకు అటూ ఇటూ ఉండే వాషర్లు, తెరిచినప్పుడు బ్లేడును ఆపే స్టాప్ పిన్, మూసి ఉన్నప్పుడు బ్లేడు దానంతట అదే తెరుచుకోకుండా పట్టి ఉంచే చిన్న డిటెంట్ గుండు, లాకు ముఖం, పివట్ బిగింపు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా కూర్చున్నా బ్లేడు ఒక పక్కకు ఒరగడమో, లాకు సరిగా పడకపోవడమో జరుగుతుంది. లాకు సరిగా పడని కత్తి పనిలో ఉండగా మూసుకుపోతే వేళ్లు తెగుతాయి. తమ చేతుల మీదుగా బిగించి, పరీక్షించి పంపిన కత్తిని వేరెవరో వంటింటి బల్ల మీద తిరిగి బిగిస్తే, ఆ బిగింపుకు పూచీ పడటం ఎలా అని సంస్థ అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే అది.

వారి ఇబ్బంది ఎలాంటిదో నేను స్వయంగా చూశాను. ఒకసారి నా దగ్గరికి వచ్చిన కత్తిలో, మూసినప్పుడు బ్లేడు ఒక వైపు లైనర్‌ను రాసుకుంటూ పక్క మీద సన్నని గీత పడేలా చేస్తోంది. కొన్నప్పటి నుంచీ అలాగే ఉన్నదని యజమాని చెప్పారు. పివట్ తీసి రెండు ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లను పక్కపక్కన పెట్టి వేలి గోటితో అంచు తడిమితే, ఒకదాని కంటే మరొకటి మందంగా తగిలింది. మైక్రోమీటర్‌తో కొలిస్తే తేడా పదో వంతు మిల్లీమీటరు. బ్లేడును నడిమికి తేవడానికి తయారీలోనే కొన్నిసార్లు ఇలా రెండు మందాల వాషర్లు వేస్తారు. ప్రతి వాషర్ మీదా వాడకం వల్ల మెరుపు వలయం ఒకటి ఏర్పడుతుంది. బ్లేడు మొదలు మీది వలయంతో అది సరిగ్గా సరిపోవాలి. ఇక్కడ సరిపోలేదు, అంటే ఎవరో ముందే విప్పి తిరిగి బిగించినప్పుడు అటు వాషర్ ఇటూ ఇటు వాషర్ అటూ వెళ్లాయి. మార్చి బిగించగానే బ్లేడు నడిమికి వచ్చింది. ఆ కత్తి నేరుగా సంస్థకే వెళ్లి ఉంటే, తమది కాని పొరపాటు మీద వారి పనివారు సమయం ఖర్చు పెట్టవలసి వచ్చేది. ఇలాంటివి రోజూ వచ్చిపడుతుంటే, విప్పితే వారంటీ లేదని ఒక్క వాక్యం రాసి తలుపు మూసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది.

అయితే ఆ కత్తి నాకు మరో సంగతి కూడా చూపింది. పొరపాటు ఎక్కడ జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో ఆ భాగాలే చెప్పాయి. లోహం గుర్తులు దాచుకోదు. అరిగిన మర తల, తారుమారైన వాషర్ వలయం, వంగిన పట్టీ, వేడికి రంగు మారిన ఉక్కు, ఇవన్నీ పని తెలిసిన కంటికి వెంటనే కనబడతాయి. కాబట్టి కారణం కనుక్కోలేము గనుక అందరికీ కలిపి ఒకే నియమం పెట్టాము అనే వాదన నిలవదు. కారణం కనుక్కోవచ్చు, అందుకు కొంత సమయం పడుతుంది, అంతే.

ఇప్పుడు మీ కత్తి సంగతికి వస్తాను. లైనర్ లాకును ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి తెచ్చినది మైఖేల్ వాకర్ అనే అమెరికన్ కత్తుల నిపుణుడు, 1980ల తొలి ఏళ్లలో. ఆ లాకులోని తెలివి అంతా బ్లేడు మొదలు మీద ఉండే ఏటవాలులో ఉన్నది. లాకు పట్టీ వచ్చి ఆనుకునే ఆ ముఖాన్ని నిలువుగా కాక, సాధారణంగా 7 నుంచి 10 డిగ్రీల వాలుతో కోస్తారు. పట్టీ ముఖం వాడకంలో అరిగే కొద్దీ, అది ఆ వాలు మీద మరి కొంచెం ముందుకు జరిగి ఖాళీని తానే పూడ్చుకుంటుంది. కొత్త కత్తిలో పట్టీ బ్లేడు మందంలో మూడో వంతు దాకానో సగం దాకానో వచ్చి ఆగుతుంది. మిగిలిన చోటు భవిష్యత్తులో అరుగుదలకు ఉంచిన నిల్వ అన్నమాట.

ఈ వాలు ఎంత సున్నితమైనదో ఒక లెక్కతో చెబుతాను. వాలు 8 డిగ్రీలు అనుకుంటే, లాకు ముఖం 0.1 మిల్లీమీటరు అరిగినప్పుడు పట్టీ సుమారు 0.7 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. బ్లేడు మందం 3 మిల్లీమీటర్లయితే అది దాదాపు నాలుగో వంతు. అంటే కంటికి ఆనని అరుగుదల రెండు మూడు సార్లు జరిగితే చాలు, నిల్వ అంతా అయిపోయి పట్టీ అవతలి వైపుకు చేరుతుంది. ఆ తరువాత పూడ్చుకోవడానికి చోటు లేదు గనుక బ్లేడు కదలడం మొదలవుతుంది. మీరు వర్ణించినది సరిగ్గా ఇదే.

ఈ స్థితి విప్పడం వల్ల రావచ్చా? రావచ్చు, అది కూడా దాచకుండా చెప్పాలి. స్టాప్ పిన్ తన గుంటలో పూర్తిగా కూర్చోకపోయినా, పొరపాటున దాని చోట కొంచెం సన్నని పిన్ను వేసినా, తెరిచినప్పుడు బ్లేడు ఉండవలసిన చోటు కంటే కాస్త ముందుకు వెళ్లి ఆగుతుంది. అప్పుడు బ్లేడు మొదలు లాకు నుంచి ఆ మేరకు దూరమై, పైన చెప్పిన లెక్క ప్రకారమే పట్టీ చాలా లోపలికి వెళ్లిపోతుంది. కానీ ఆ పొరపాటు తిరిగి బిగించిన రోజే, మొదటిసారి తెరవగానే కనబడుతుంది. ఏడు నెలలు బాగా పనిచేసి, తరువాత కొద్దికొద్దిగా పట్టీ జరిగిందంటే అది అరుగుదల లక్షణం. మామూలు వాడకంలో ఏడెనిమిది నెలలకే అంత అరిగిందంటే పట్టీ లోహం మెత్తగా ఉండాలి, లేదా ఏటవాలు తప్పుగా కోసి ఉండాలి, లేదా పట్టీ ముఖం మొత్తం ఆనుకోకుండా ఒక మూల మాత్రమే ఆనుకొని ఉండాలి. మూడూ తయారీ లోపాలే. బ్లేడు గట్టిదనం రాక్‌వెల్ సి కొలమానంలో 60 దగ్గర ఉంటే, లాకులకు ఎక్కువగా వాడే టైటానియం మిశ్రమం 36 దగ్గర ఉంటుంది. అందుకే జాగ్రత్తగల తయారీదారులు టైటానియం పట్టీ చివర గట్టి ఉక్కు ముక్కను మరతో బిగిస్తారు, లేదా ఆ ముఖాన్ని కార్బైడ్‌తో గట్టిపరుస్తారు.

మీ కత్తిని పరిశీలించినవారు భూతద్దం కింద పట్టీ ముఖాన్ని చూసి ఉంటే, అరుగుదల ముఖమంతటా పరచుకొని ఉన్నదా, ఒక అంచున మాత్రమే మెరుస్తున్నదా అన్నది క్షణంలో తెలిసేది. పిన్ను వ్యాసం కొలిచి ఉంటే, అది సరైన పిన్నేనా కాదా అన్నదీ తెలిసేది. వారి ఉత్తరంలో ఈ రెండింటి ప్రస్తావన లేదు. జిగురు ప్రస్తావన మాత్రమే ఉన్నది.

ఆ జిగురు విషయం కొంచెం ఆగి చూడాలి. కత్తి మరలకు పూసే జిగురులో ముఖ్యమైనవి రెండు రకాలు. నీలం రంగు లాక్‌టైట్ వంటివి మధ్యస్థ బలం గలవి, మామూలు చేతి పనిముట్లతో ఊడేలా తయారైనవి. ఎరుపు రకాలు ఊడాలంటే సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయవలసి వస్తుంది. పివట్ మరకు నీలం జిగురు పూసి పంపిన సంస్థ, ఆ మర తిరగవలసిన మర అని తానే ఒప్పుకున్నట్లు లెక్క. ఎందుకంటే పివట్‌ను ఎప్పుడో ఒకప్పుడు సవరించక తప్పదు. కొత్త బ్రాంజ్ వాషర్లు వాడకంలో నునుపెక్కి సర్దుకున్నాక బ్లేడులో కాస్త ఆట మొదలవుతుంది, అప్పుడు మరను పావు చుట్టులో సగం బిగించాలి. గట్టిగా ఉంటే అంతే వదులు చేయాలి. చాలా కత్తులతో వచ్చే సూచనల కాగితంలోనే ఈ మాట ఉంటుంది. అలా సవరించినా జిగురు చెదురుతుంది, పూర్తిగా విప్పినా చెదురుతుంది. రెండింటికీ తేడా చూపని గుర్తును పట్టుకొని విడదీశారని తీర్పు చెప్పడం సరికాదు. మీరు విప్పిన మాట నిజమే, దాన్ని మీరు దాచనూ లేదు. కానీ మీలా విప్పకుండా పివట్ మాత్రమే సవరించుకున్న మరొకరి కత్తి కూడా ఇదే ఉత్తరంతో తిరిగి వస్తుందన్నది గమనించండి.

నన్ను ఎక్కువగా కదిలించే సంగతి వేరొకటి ఉన్నది. వారంటీ పోతుందన్న భయంతో విప్పకుండా ఉంచిన కత్తులకు ఏమవుతుందో చెప్పాలి. ఒక పెద్దాయన నాలుగేళ్ల పాటు చేపల పనికి వాడిన కత్తి తెచ్చారు. పైకి చాలా శుభ్రంగా ఉన్నది. ప్రతి సాయంత్రం తుడిచి, పివట్ పక్కన నూనె చుక్క వేసేవారట. విప్పవద్దని పెట్టె మీద రాసి ఉన్నది కాబట్టి విప్పలేదు. నేను పివట్ తీసి బ్లేడును పైకెత్తితే వాషర్ దానితో పాటే అతుక్కొని వచ్చింది. సన్నని ప్లాస్టిక్ ముక్కతో వాషర్‌ను లేపితే, కింద పాత నూనె, ఉప్పు, కంచు చిలుము కలిసిన పచ్చని ముద్ద, దాని అంచున గోధుమ రంగు తుప్పు. తుడిచాక బ్లేడు మొదలు మీద గుంటలు బయటపడ్డాయి, సరిగ్గా డిటెంట్ గుండు జారే దారిలోనే. గుండు ఆ గుంటల్లో తట్టుకుంటున్నందువల్లనే బ్లేడు ఆగి ఆగి తెరుచుకుంటోంది. నూనె వేసిన ప్రతిసారీ అది మురికిని లోపలికే తోసింది తప్ప బయటికి తేలేదు. ఏడాదికి రెండుసార్లు విప్పి తుడిచి ఉంటే ఆ కత్తి ఆయన మనవడి చేతికి అందేది.

ఆ పెద్దాయన కత్తిని చేసిన సంస్థ వారంటీ కాగితంలోనే మరో వాక్యం ఉన్నది. తుప్పు వల్ల వచ్చిన నష్టం వినియోగదారుడి సంరక్షణ లోపంగా పరిగణించబడుతుంది, దానికి వారంటీ వర్తించదు అని. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవండి. లోపల శుభ్రం చేయకపోతే తప్పు ఆయనది. లోపల శుభ్రం చేయడానికి విప్పితే వారంటీ ఉండదు. బ్లేడు మొదలు, వాషర్ల లోపలి ముఖాలు విప్పకుండా చేరలేని చోట్లు. అక్కడికి వెళ్లవద్దని చెప్పి, వెళ్లనందుకే బాధ్యుణ్ణి చేయడం ఏ విధంగానూ సమర్థించలేని పని. ఇందుకు కొందరు చెప్పే సమాధానం, శుభ్రం చేయడానికి మాకే పంపవచ్చు కదా అని. పంపవచ్చు, రానుపోను వారాలు పడుతుంది, కొన్ని ప్రాంతాల నుంచి కత్తులను తపాలాలో పంపడమే కష్టం, రోజూ ఉప్పు నీటిలో పనిచేసేవారు నెలకొకసారి అలా పంపుతూ కూర్చోలేరు.

చట్టం మాట కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ షరతును చాలామంది తిరుగులేనిదిగా భావిస్తారు. పేరున్న కత్తుల సంస్థలు ఎన్నో ఉన్న అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం అమలులో ఉన్నది. ఫలానా సంస్థ భాగాలనే వాడాలి, ఫలానా సంస్థ చేతనే మరమ్మతు చేయించుకోవాలి అన్న షరతు మీద వారంటీని ఆధారపరచడాన్ని, ఆ భాగమో ఆ సేవో ఉచితంగా ఇస్తే తప్ప, ఆ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కార్లు, సెల్‌ఫోన్లు, వీడియో గేమ్ యంత్రాలు అమ్మే ఆరు సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. ఈ ముద్ర తొలగిస్తే వారంటీ చెల్లదు అనే మాటలు వాటిలో ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి. అదే చట్టంలో, ‘పూర్తి వారంటీ’ అని పేరు పెట్టి ఇచ్చినవాటికి మరింత స్పష్టమైన నియమం ఉన్నది: వినియోగదారుడి చేతిలో ఉండగా జరిగిన నష్టం వల్లనో, సమంజసం కాని వాడకం వల్లనో లోపం వచ్చిందని సంస్థ చూపగలిగితేనే అది తన బాధ్యత నుంచి తప్పుకోవచ్చు. అవసరమైన సంరక్షణ చేయకపోవడాన్ని కూడా ఆ చట్టం సమంజసం కాని వాడకంలోనే చేర్చింది. కత్తులకు ఇచ్చేవి చాలావరకు పరిమిత వారంటీలే గనుక ఈ నియమం నేరుగా వాటిని కట్టిపడేయదు. అయినా కారణం చూపవలసిన భారం ఎవరి మీద ఉండాలన్న విషయంలో చట్టం ఎటు చూస్తున్నదో అర్థమవుతుంది.

ఐరోపా సమాఖ్యలో పద్ధతి వేరు. అక్కడ తయారీదారు తన ఇష్టంతో ఇచ్చే హామీ ఒకటి, అమ్మకందారు మీద చట్టం పెట్టిన కనీసం రెండేళ్ల బాధ్యత మరొకటి. 2022 జనవరి నుంచి వర్తిస్తున్న నిబంధనల ప్రకారం, వస్తువు చేతికొచ్చిన తరువాత కనీసం ఏడాదిలోపు బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నదనే భావిస్తారు. కాదని చూపే బాధ్యత అమ్మినవారిది. తయారీదారు కాగితంలో ఏమి రాసుకున్నా ఈ రెండో హక్కు అలాగే ఉంటుంది. మీరు కొన్నచోట ఏ చట్టం వర్తిస్తుందో చూసుకొని, ఇలాంటి రక్షణ ఉంటే తయారీ సంస్థతో పాటు అమ్మినవారికి కూడా రాయండి.

విప్పడాన్ని దృష్టిలో పెట్టుకొనే కత్తి చేసేవారు ఉన్నారు, వారిని చూస్తే ఈ షరతు అనివార్యం కాదని తెలుస్తుంది. దక్షిణాఫ్రికా నుంచి 1989లో అమెరికాలోని ఐడహోకు తరలివెళ్లిన క్రిస్ రీవ్ తన సెబెంజా కత్తిని, యజమాని స్వయంగా విప్పి శుభ్రం చేసుకునేలా రూపొందించి, అందుకు కావలసిన, మరలు తిప్పే పనిముట్టును కూడా కత్తితోనే ఇచ్చారు. జులూ భాషలో సెబెంజా అంటే పని అని అర్థం. విప్పుతారని ముందే తెలిస్తే రూపకల్పన మారుతుంది. వాషర్లు ఏ వైపు వేసినా తేడా రాకుండా ఒకే మందంలో కోస్తారు. పివట్ తనంతట తాను తిరగకుండా దానికి ఒక పక్క చదును పెడతారు. కొన్ని కత్తుల్లో పివట్ చుట్టూ కొలతకు చేసిన బుషింగ్ ఉంచి, మరను చివరిదాకా బిగించినా బ్లేడు స్వేచ్ఛగా తిరిగేలా చేస్తారు, కాబట్టి బిగింపు ఎంత అన్న ప్రశ్నే ఉండదు. ఇంకో వైపు, విప్పనవసరం లేని రూపకల్పనలూ ఉన్నాయి. 1890 నాటి ఓపినెల్ చెక్క పిడి కత్తి గానీ, విక్టోరినాక్స్ జేబు కత్తి గానీ, బక్ 110 గానీ మరలతో కాక రివెట్లతో బిగించినవి. రివెట్ కొట్టిన కత్తిని విప్పాలంటే పగలగొట్టవలసిందే, కాబట్టి విప్పితే హామీ లేదనడంలో అక్కడ అన్యాయం లేదు. అభ్యంతరమంతా మరలు పెట్టి, ఆ మరలకు బజారులో దొరికే టార్క్స్ తలలు పెట్టి, ముట్టుకోవద్దని చెప్పేవారి మీదనే.

నేను ఒప్పుకునే మినహాయింపులు ఉన్నాయి. మీట నొక్కగానే తెరుచుకునే ఆటోమేటిక్ కత్తులు, కొంత తెరిస్తే స్ప్రింగు మిగతా పని చేసే కత్తులు విప్పేటప్పుడు స్ప్రింగు ఎగిరి కంటికి తగలవచ్చు. తిరిగి బిగించడంలో తప్పు జరిగితే జేబులోనే తెరుచుకోవచ్చు. వాటిని విప్పవద్దని సంస్థ గట్టిగా చెప్పడం సబబే. బ్లేడును మళ్లీ సాన పట్టి రూపం మార్చినా, లాకు ముఖాన్ని ఆకురాయితో రుద్దినా, బయటి భాగాలు అమర్చినా, ఆ మార్పు తాకిన చోటికి హామీ అడగకూడదు. అరిగిన మర తలలు, పోయిన భాగాలు, తెగిన థ్రెడ్లు విప్పినవారి ఖాతాలోనే పడతాయి. టీ8 సైజు మర తలలో అంతకంటే చిన్నదైన టీ7 బిట్ పెట్టి తిప్పినందుకు సంస్థ కొత్త మర ఉచితంగా ఇవ్వనవసరం లేదు, నామమాత్రపు ధరకు అమ్మితే చాలు. ఇవి పోను మిగిలినవాటిలో, ముఖ్యంగా బ్లేడు వేడి శుద్ధిలో జరిగిన లోపం, లైనర్‌లో పగులు, లాకు ముఖం అకాల అరుగుదల వంటివాటిలో, మర విప్పడానికి ఏ పాత్రా లేదు. వేడి శుద్ధి సరిగా జరగక అంచు పెచ్చులూడే బ్లేడు, పిడిలో ఉన్నా బయట ఉన్నా అలాగే పెచ్చులూడుతుంది.

సంస్థలు రాయవలసిన షరతు, నా ఉద్దేశంలో, ఇంతే: విడదీయడం వల్ల గానీ తప్పుగా బిగించడం వల్ల గానీ కలిగిన నష్టానికి ఈ వారంటీ వర్తించదు, అలాంటి నష్టమని మేము భావిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలుపుతాము, తిరిగి సరిగా బిగించి ఇవ్వడానికి ఇంత రుసుము తీసుకుంటాము. వేళ్లు తెగితే బాధ్యత మా మీద పడుతుందన్న భయానికీ ఇది సరిపోతుంది. లోపమున్న వస్తువు వల్ల గాయమైతే తలెత్తే బాధ్యత, ఉచిత మరమ్మతు హామీ, రెండూ వేర్వేరు విషయాలు. మొదటిదాన్ని తప్పించుకోవడానికి రెండోదాన్ని రద్దు చేయడం వల్ల సంస్థకు నిజంగా దక్కే రక్షణ తక్కువ. పైగా లాకు జారుతున్న కత్తిని చూసి కూడా, బాగు చేయకుండా అదే స్థితిలో మీకు తిప్పి పంపారు. భద్రత మీద వారికి ఉన్న పట్టింపు నిజమైనదే అయితే, కనీసం ఆ కత్తిని వాడవద్దని ఒక్క మాట రాసి ఉండేవారు. ఆ మాట నేను చెబుతున్నాను: బాగయ్యేదాకా దాన్ని వాడకండి.

ఇప్పుడు వారికి మళ్లీ రాయండి. విప్పిన తేదీ, ఎందుకు విప్పారు, ఏ బిట్ వాడారు, తరువాత ఎంతకాలం బాగా పనిచేసింది అన్నవి దాచకుండా, కోపం లేకుండా రాయండి. మర తలలు చెక్కు చెదరలేదని తెలిసేలా దగ్గరి ఫోటోలు, కత్తి తెరిచి ఉన్నప్పుడు పట్టీ ఎక్కడ ఆగుతున్నదో వెన్ను వైపు నుంచి తీసిన ఫోటో జతచేయండి. పాత ఫోటో ఏదైనా, విప్పకముందుదో విప్పిన కొత్తల్లోదో, పట్టీ స్థానం కనబడేది మీ దగ్గర ఉంటే దానికి మించిన సాక్ష్యం లేదు, ఫోన్‌లో వెతకండి. ఆ తరువాత రెండే ప్రశ్నలు అడగండి: స్టాప్ పిన్ సరైన కొలతలో, సరైన చోట ఉన్నదా? లాకు ముఖం మీది అరుగుదల విడదీయడం వల్ల ఎలా వచ్చిందని మీరు భావిస్తున్నారు? ఈ ప్రశ్నలు పని తెలిసిన మనిషి బల్ల దాకా చేరితే సమాధానం మారే అవకాశం చాలా ఎక్కువని నా అనుభవం. మొదటి ఉత్తరం రాసేవారు తరచుగా కత్తిని చూసినవారు కారు, నియమాల కాగితాన్ని మాత్రమే చూసినవారు. ఉచితంగా చేయలేమంటే, కొత్త లైనర్ ఖరీదు ఇచ్చి బాగు చేయించుకోవడానికి సిద్ధమని కూడా రాయవచ్చు. అది ఓటమి ఏమీ కాదు, కత్తి మీ చేతికి తిరిగి రావడం ముఖ్యం.

కత్తిని రెండోసారి పంపేలోగా మాత్రం దాన్ని మళ్లీ విప్పకండి, లాకు ముఖాన్ని తుడవకండి, పట్టీని వంచి సరిచేయాలని చూడకండి. ఆ ముఖం మీద ఉన్న అరుగుదల గీతలే ఇప్పుడు మీ తరపున మాట్లాడవలసినవి.